మైకు అందుకున్న వరహాలమ్మ

నేను ఒక చేతి మైకును. నోరు నాదే కానీ మాట ఎప్పుడూ పరులదే. సికింద్రాబాదులో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. మొదట ఒక ఎన్నికల అభ్యర్థి చేతికి వెళ్లి నానా వాగ్దానాలూ చేశాను. ఆయన ఓడిపోయాక నల్లులమందు అమ్మేవాడి దగ్గర చేరి ఆ పాపం కొంత కడుక్కున్నాను. చివరికి సినిమా దర్శకుడు చక్రధర్‌గారి చేతిలో పడ్డాను.

ఆయనకు గుంపులో నటించే జూనియర్ ఆర్టిస్టుల పేర్లు తెలియవు. "ఏయ్ నీలంచీరా! కెమెరా వైపు చూడకు!" అని నాలోంచి అరిచేవారు. ఆ నీలంచీర పేరు వరహాలమ్మ. విజయనగరం మనిషి. ఏళ్ల తరబడి గుంపులో ఏడ్చే తల్లి వేషమే వేస్తోంది.

ఆ రోజు తీసేది ఫ్యాక్టరీ సమ్మె సీను. బట్టలు మార్చుకోవడానికి ఆడవాళ్లకు గది లేదు. ఒకరికొకరు చీర అడ్డం పట్టుకున్నారు. గాలికి ఆ చీర కాస్తా ఎగిరిపోయింది. కొత్తగా చేరిన నూకరత్నం అందరి ముందూ ముడుచుకుని కూర్చుని ఏడ్చింది.

షాట్ అయింది. చక్రధర్‌గారు "కట్" అని నన్ను కుర్చీలో పడేశారు. గుంపు మాత్రం నినాదాలు ఆపలేదు.

"గది కావాలి! తలుపున్న గది కావాలి!"

"స్క్రిప్టులో గది లేదే!" అన్నారాయన అయోమయంగా.

"అదేనండి బాబూ మా గొడవ," అంటూ వరహాలమ్మ నన్ను అందుకుంది.

నిర్మాత పరుగెత్తుకొచ్చారు. "రేపు చూద్దాంలేమ్మా."

"అలాగయితే రేపే నటిస్తాం బాబూ."

ఒక్క మాట చెబుతానని చక్రధర్‌గారు ఆవిడను బతిమాలి నన్ను తీసుకుని, "కట్!" అని గర్జించారు. అలవాటుపడ్డ ప్రాణాలు! అందరూ ఠక్కున నోళ్లు మూసుకుని కూర్చున్నారు. నాకే సిగ్గేసింది. వరహాలమ్మ నన్ను లాక్కుని, "వన్ మోర్!" అంది. అంతే, మొదటి టేకు కన్నా బాగా అరిచారు. హీరోగారు కారవాన్‌లోంచి తొంగిచూసి, "సీను అద్భుతంగా వస్తోంది," అని మెచ్చుకుని తలుపు వేసుకున్నారు.

వెలుతురు తగ్గుతుంటే నిర్మాత దిగొచ్చారు. తన ఆఫీసు గదే ఖాళీ చేయించి, గడియ పడుతుందో లేదో స్వయంగా వేసి చూశారు. ఇకమీదట తన ప్రతి షూటింగులోనూ ఇలాగే ఉంటుందని అందరి ముందూ మాటిచ్చారు. నూకరత్నం లోపలికి వెళ్లి తలుపేసుకుని చాలాసేపు బయటికి రాలేదు.

మళ్లీ కెమెరా తిరిగింది.

"కోపం! మొహాల్లో కోపమేదీ?" అని మొత్తుకున్నారు చక్రధర్‌గారు.

"ఇంకెక్కడి కోపం బాబూ, అడిగింది ఇచ్చీసారు కదా!" అంది వరహాలమ్మ.

ఆ సినిమాలో సమ్మె కార్మికులంతా పెళ్లిభోజనం చేసి వస్తున్నట్టుంటారు.

ఇప్పుడు నేను జూనియర్ ఆర్టిస్టుల యూనియన్ ఆఫీసులో బీరువా మీద, గొంతు పోయి పడి ఉన్నాను. కింద బల్ల దగ్గర వరహాలమ్మ ఎవరో ఒక నిర్మాతతో వాదిస్తూనే ఉంటుంది. ఆవిడకు మైకు అక్కర్లేదు.