చెట్టెక్కినోన్ని పిల్వొద్దు

నేను ఒక మోకును. తాటిచెట్టుకూ, దాన్నెక్కే గౌడు నడుముకూ కలిపి చుట్టే తాడు ఉంటుంది చూడండి, అదే నేను. నారతో పేని పైన తోలు చుట్టారు. మనుషులు కొబ్బరికాయ దేవుడికి కొడతారు గానీ, ముప్పై మూరల ఎత్తున రెండు చేతులూ వదిలి కల్లు గీసేటప్పుడు వాళ్ల బరువంతా వేసేది నా మీదే.

నన్ను పేనించుకున్నవాడు బాలేశం. పొద్దున్నే వాకిట్లో కూర్చుని నన్ను జానెడు జానెడుగా తడిమి చూసేవాడు. తోటివాళ్లు నవ్వేవారు. "ఏందిరా, మోకును సూస్తున్నవా, పెండ్లిపిల్లను సూస్తున్నవా?"

వాళ్లకేం తెలుసు! తడుముతూ ఆయన గొణుక్కునే మాటలు నేనొక్కదాన్నే విన్నాను. వాళ్ల నాయిన రాజేశం మహా కోపిష్టి. చెట్టు మీదున్నవాణ్ని కింది నుంచి పిలవకూడదని వాళ్లలో కట్టుబాటు. పిలిస్తే చూపు కిందికి పోతుంది, కాలు జారుతుంది. బాలేశం చిన్నప్పుడు ఒకసారి పిలిచినందుకు రాజేశం కొడుకు చెంప వాచిపోయేలా కొట్టాడు. తర్వాత ఒకనాడు నాయిన మోకు పోగులు విచ్చుకోవడం పిల్లవాడు కింది నుంచి చూశాడు. చూసి, ఆ దెబ్బ గుర్తొచ్చి, నోరు మూసుకున్నాడు. రాజేశం పడ్డాడు, మళ్లీ లేవలేదు.

"గా దినం ఒక్కసారి గట్టిగ ఒర్లితే నాయిన బతుకుతుండె" అనేవాడు బాలేశం నాతో. ఇంకెవరితోనూ అనలేదు.

ఆయనకు ఒక్కతే కూతురు, అఖిల. నాలుగో తరగతి. నానమ్మ పెంపకం కదా, పిలవొద్దన్న మాట పాలతోపాటే ఎక్కింది.

ఆ వేళ బడిలో తల్లిదండ్రుల మీటింగు. "బాపూ, నువ్వు రాకుంటే సారు నన్ను నిలవెడ్తడు" అని పిల్ల వెంటపడింది. "ఒక్క చెట్టు గీసి వస్త బిడ్డా" అంటూ ఆ తొందరలో నన్ను తడమకుండానే భుజాన వేసుకున్నాడు. ప్రేమ పొంగినప్పుడు మనుషులకు కళ్లు కనబడవు. నా తోలు కింద ఎలుక కొరికిన సంగతి నాకు తెలుసు. చెప్పడానికి నోరేదీ?

పది మూరలు ఎక్కేసరికి ఒక పోగు పుటుక్కుమంది. ఇంకో రెండు మూరలకు ఇంకొకటి. తోలు చీలి నార బయటికి వేలాడింది. బాలేశం ఈల వేసుకుంటూ ఎక్కుతూనే ఉన్నాడు. నేను పంటి బిగువున పట్టుకున్నాను, పళ్లుంటే. వెంట వచ్చి చెట్టు కింద నిలబడ్డ పిల్ల తలెత్తింది. చూసింది. రెండు చేతులతో తన నోరు తానే నొక్కుకుంది.

ఒక తండ్రి పడిపోవడానికి చాలినంత సేపు ఆ చేతులు అక్కడే ఉన్నాయి.

"బాపూ! మోకు! మోకు తెగుతుంది!"

బాలేశం చెట్టును కావలించుకున్నాడు. మరుక్షణమే నేను తెగి, పిల్ల కాళ్ల దగ్గర పడ్డాను. పాదాలకు వేసుకున్న చిన్న తాడు ఒక్కటే మిగిలింది ఆయనకు. దాన్ని నమ్ముకుని, రొమ్ము గీరుకుపోతూ, బెత్తెడు బెత్తెడుగా దిగాడు.

ఆయన కాలు నేలకు ఆనగానే పిల్ల కళ్లు మూసుకుని చెంపకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. "కొట్టకు బాపూ. పిల్చిన."

బాలేశం పిల్ల ముందు కూర్చున్నాడు. ఆ చేతిని తీసి నెత్తురోడుతున్న తన రొమ్ము మీద పెట్టుకున్నాడు. "సూడు, ఎట్ల కొట్టుకుంటుందో. నాకు గూడ మస్తు భయమైంది బిడ్డా. ఇంకా పెద్దగ ఒర్లాలె."

"ఇంకా పెద్దగ ఒర్లితే బడిల సారుకు ఇనవడ్తది" అని, అప్పుడు ఏడ్చింది.

ఇప్పుడు నేను వాళ్ల దొడ్డి కంచె మీద ఎండుతున్నాను. ఆయనకు కొత్త మోకు వచ్చింది. ఆయన ఎక్కినప్పుడల్లా పిల్ల కింద నిలబడి కేకేస్తుంది: "బాపూ, మంచిగున్నదా?" ఊరివాళ్లు ఇదేం అరిష్టమని ముక్కున వేలేసుకుంటారు. పైనుంచి "ఉన్నది బిడ్డా" అని వినిపించేదాకా నాకు ఊపిరాడదు.