మూడు రోజుల సంచి

మూడు చీరలు చాలంది అనూరాధ. కూర్మమ్మ నాలుగోది పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. ఎవరి సంచి సర్దాలన్నా ఆమెకి చేతులు ఆడవు. పెనిమిటి ఇలాగే రెండు పంచెలు పెట్టుకుని సాలూరులో లారీ ఎక్కాడు. తోడబుట్టిన అప్ప గురమ్మ ఈ వేసవిలో ఆసుపత్రికని వెళ్ళింది. ఇద్దరూ తిరిగి రాలేదు. కోడలు వెళ్ళేది విశాఖపట్నమే, శృంగవరపుకోటలో బస్సెక్కితే గంటన్నర. అయినా నాలుగో చీర బయటికి తీయలేదు.

అత్తాకోడళ్ళిద్దరిదీ నాలుగు నెలలుగా ఒకటే పని. ఎవరెవరో కలిసి ఉచితంగా కట్టుకుంటున్న తెలుగు నిఘంటువు ఒకటి నెట్లో ఉంది. అందులో తమ వైపు మాటలు లేవు: వాగుకి గెడ్డ లేదు, మెట్టపొలానికి గరువు లేదు, తూముకి మదుము లేదు. పప్పు రుబ్బుతూ కూర్మమ్మ మాట చెప్పేది. పోపు మాడకుండా చూసుకుంటూ అనూరాధ ఫోన్లో ఎక్కించేది.

"అసలుది ఆళ్ళది అత్తా. దానికి నకలు తీసి మన పేర పెట్టుకుంటే ఫోర్కు. అందులో పనికో బ్రాంచి, అంటే ఏరే కొమ్మ, తియ్యాలి. మెయిన్, అంటే మొదలు, దాని జోలికెళ్ళకూడదు. పనయ్యాక, కలుపుకుంటారా అని ఆళ్ళనడగాలి."

"నారు ఏరే మడిలో పోసి, ఎదిగాక పొలంలో నాటినట్టేనేటి?"

"అంతే."

అంత తెలిసిన పిల్లే తప్పు చేసింది. మాటలన్నీ మెయిన్‌లోనే పెట్టేసింది. ఒక పక్క కుక్కరు కూత, ఒక పక్క టిఫినయిందా అని కొడుకు వినోద్ కేక. వేరే మడి కట్టుకునే తీరిక ఆ ఇంట్లో ఏ ఆడదానికి దొరికింది గనక. రెండు వారాల కిందట వినోద్ పెళ్ళాం ఫోను తీసి చూశాడు. కంప్యూటరు ఉద్యోగస్థుడు. "నీ ఫోర్కు బాగా ఎనకబడిపోనాది, నేను సరిసేస్తానుండు" అని, ఆమెని అడక్కుండానే దాన్ని అసలుదానితో సమానం చేసే మీట నొక్కాడు. నీ మార్పులన్నీ పోతాయి, పర్లేదా అని ఆ ఫోను అడిగిందట. పర్లేదన్నాడు. ఆరువందల మాటలు పోయాయి.

"ఏటయిపోనాదిప్పుడు? మాయమ్మ మాటలే కదా. మళ్ళీ సెప్తాది, కాళీగానే ఉంటాది."

తెల్లారి ఐదింటికి లేచి, రాత్రి చివరి గిన్నె బోర్లించేదాకా తిరిగే మనిషి ఆ మాట విని పీట మీద కూర్చుండిపోయింది. బెల్లం పొట్లాల కాగితాలు చూసి తను అక్షరాలు నేర్చుకుంటున్నప్పుడు పెనిమిటీ నవ్వాడు, కలెక్టరవుతావేటని. యాభై ఏళ్ళలో తనని ఒక మాటకి అర్థం అడిగింది ఈ పిల్లొక్కతే. తనవి నోటుపుస్తకంలో రాసుకుంది కనక ఉన్నాయి. ఆసుపత్రి మంచం మీంచి గురమ్మ ఫోన్లో చెబితే, కాగితం మీద రాయకుండా నేరుగా ఎక్కించిన ఎనభై మాటల్ని ఎవరు మళ్ళీ చెప్తారు?

పోయినవాటిని తవ్వి తీసే దారి ఉందనీ, వచ్చి నేర్చుకోమనీ నిఘంటువు వాళ్ళు అనూరాధని పిలిచారు.

"మూడ్రోజులు వంటెవరు సేస్తారు?" అన్నాడు వినోద్.

"నేన్లేనేటిరా, కాళీగానే ఉన్నాను" అంది కూర్మమ్మ.

బయల్దేరే రోజు పొద్దున కోడలు స్నానానికెళ్ళగానే కూర్మమ్మ బీరువా తెరిచింది. అనూరాధ డిగ్రీ కాగితాలు వినోద్ ఫైళ్ళ అడుగున ఉన్నాయి. ఎక్కడికి పోతాయి, ఇంట్లోనే ఉంటాయిలే అని పెళ్ళయిన కొత్తలో వాడే పెట్టాడు. ఈ పిల్ల వెళ్ళిపోతే ఇంక తనని అడిగేవాళ్ళుండరు. కవరు మళ్ళీ లోపల పెట్టేసింది. గడియారం చూసింది. నీళ్ళ చప్పుడు ఆగింది. గబుక్కున కవరు తీసి చీరల అడుగున, తన నోటుపుస్తకం కింద దోపి జిప్పు లాగింది.

గుమ్మంలో అనూరాధ సంచి ఎత్తి ఆగింది. "మూడ్రోజులకింత బరువేటత్తా?"

"ఈసారి ముందు నీ మడి నువ్వు కట్టుకో. కలవాలో వద్దో ఆనక సూసుకుందువు గాని."

అనూరాధ సంచి అడుగున చేత్తో తడిమి, అత్త ముఖంలోకి చూసింది. సంచి భుజాన వేసుకుని గడప దాటింది.

నాలుగో రోజున అనూరాధ దగ్గర్నుంచి ఫోనొచ్చింది, గురమ్మ మాటల్లో డెబ్బయ్యొకటి దొరికాయని. అనూరాధ 2024 జులై 8, సోమవారం, ఉదయం ఏడున్నర బస్సుకి వెళ్ళింది. మళ్ళీ ఆ ఇంటికి రాలేదు.