కోర్సుకు మొప్పలు ఎక్కడుంటాయి

బందరు వీధుల్లో చేపలమ్మే తాతమ్మ, తాను కొనేచోట అమ్మేవాడి నోటిని ఏనాడూ నమ్మలేదు. మొప్ప ఎత్తి చూసి, ఎర్రగా ఉంటేనే బుట్టలో వేసుకునేది. అందుకే కూతురు ప్రసన్నలక్ష్మి పదో తరగతి పాసై, కరెంటు పని నేర్చుకుంటానన్నప్పుడు ఆమెకు వచ్చిన సందేహం ఒక్కటే. కోర్సుకు మొప్పలు ఎక్కడుంటాయి?

కనిపించిన దారులు రెండు. గుడివాడలో ఒక ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్ వాళ్ళది ఆరు నెలల సర్టిఫికెట్. ఫీజు నలభై ఐదు వేలు. బయటికి రాగానే పద్దెనిమిది వేల జీతమని కరపత్రంలో అచ్చువేశారు. బందరు గవర్నమెంటు ఐటీఐలో ఫీజు లేనట్టే, కానీ రెండేళ్ళు చదవాలి. తాతమ్మ గుబులంతా ఆ రెండేళ్ళ గురించే. భర్త సత్తయ్య జ్వరంతో పోయాక మోపెడ్ మీద రెండో బుట్ట తిప్పుతున్నది ప్రసన్నే. ఆ బుట్ట ఆగితే ఇంటి రాబడి సగం ఆగినట్టు.

"ఆరు నెలలదాంట్లోనే చేరతాలే అమ్మా" అంది ప్రసన్న, తల్లి మొహం చూసి.

"చేరుదువుగాని. ముందు సరుకు చూడాలి."

గుడివాడలో మేనేజరు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాడు. తమ దగ్గర చదివినవాళ్ళలో ఉద్యోగం రానివాడే లేడన్నాడు.

"అట్టాగా బాబూ. నిరుడు చదివిన పిల్లోణ్ణి ఒకణ్ణి చూపించు."

"మనుషులెందుకమ్మా, ఇదిగో ఫొటోలున్నాయి."

"ఫొటోలో చేప ఎప్పుడూ తాజాగానే ఉంటది బాబూ."

మేనేజరు "హర్షా!" అని కేకేశాడు. పక్క గదిలోంచి టై కట్టుకున్న కుర్రాడు వెంటనే వచ్చేశాడు.

"మా టాపర్ అమ్మా ఇతను."

"ఎక్కడ పని నాయనా?"

"ఇక్కడేనండి. అడ్మిషన్లు చూస్తాను."

"జీతం పద్దెనిమిది వేలేనా?"

హర్ష మేనేజరు వైపు చూశాడు. మేనేజరు ఫ్యాను వైపు చూశాడు. అది కటకటమంటూ ఊగుతోంది.

"ఆ ఫ్యాను అట్టా ఏడుస్తంది, కాస్త బాగుచెయ్యగూడదూ?"

"మెకానిక్కి ఫోన్ చేశామండి" అన్నాడు హర్ష వినయంగా. ప్రసన్న చున్నీ నోట్లో కుక్కుకుంది.

ఐటీఐ సరుకు దొరకడం మాత్రం అంత తేలిక కాలేదు. అక్కడ చదివిన దుర్గ అనే అమ్మాయి దివిసీమలో రొయ్యల చెరువుల మోటార్లు బాగుచేస్తోందని తెలిసింది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. చివరికి ఒక ఆదివారం తల్లీ కూతుళ్ళు బస్సెక్కి అవనిగడ్డ వెళ్ళారు.

ఇంట్లో దుర్గ మొగుడు అయ్యప్ప ఒక్కడే ఉన్నాడు. "లేదండీ. ఎవరిదో చెరువులో నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగినాయంటే తెల్లారే ఎల్లింది."

"ఎప్పుడొస్తది?"

"రొయ్యలకి ఊపిరొచ్చాక."

వాళ్ళను లోపలికి పిలిచి లైటు స్విచ్చి నొక్కాడు. వెలగలేదు. "నెలైందండీ ఇది పోయి. ఊళ్ళో అందరి పనీ అయ్యాక మా ఇంటికొస్తానంది మా ఆవిడ."

"నెలకి ఎంతొస్తదన్నా?" అంది ప్రసన్న.

"నెల లెక్క కుదరదమ్మా. అప్రెంటిస్ చేసిన ఏడాది పెట్రోలుకే చాల్లేదు. ఇప్పుడు కొన్ని నెలలు ముప్పై వేలు దాటుద్ది. కొన్ని నెలలు, రొయ్యలు పట్టాక ఇస్తామంటారు. గట్టిగా అడగలేం, రేపు మళ్ళీ వాళ్ళ గట్టుకే ఎల్లాలిగా."

తాతమ్మ తలూపింది. డబ్బుకి రేపు రమ్మనే ఇళ్ళు ఆమె వీధుల్లోనూ ఉన్నాయి.

గోడ వారన మూత పెట్టిన కంచం ఉంది. ఆమె చూపు అక్కడ ఆగింది. సత్తయ్య పోయాక కూడా కొన్నాళ్ళు ఆమె చెయ్యి అలవాటుగా ఒక కంచం మీద మూత పెట్టేది.

"చల్లారిపోద్దేమో బాబూ" అంది.

"చల్లారినా తింటదండీ. నన్ను తిట్టుకుంటా తింటది."

పొద్దు వాలే దాకా కూర్చున్నా దుర్గ రాలేదు.

"ఇంత దూరమొచ్చి మనిషినే చూళ్ళేదు. ఛార్జీలు దండగ" అని బస్సులో ప్రసన్న సణుగుతుండగా తాతమ్మ ఫోన్ మోగింది. అవతల నీళ్ళ హోరు.

"ఎవరండీ, ఇన్నిసార్లు చేస్తన్నారు?"

"బందరు నించి తాతమ్మనమ్మా. మా పిల్లని ఐటీఐలో..."

"పిన్నీ, రెండు నిమిషాలాగు. ఇక్కడ రైతు ఏడుస్తన్నాడు." ఫోన్ కట్టయింది. పులిగడ్డ వంతెన దాటినా మళ్ళీ మోగలేదు.

తాతమ్మ ఫోన్ సంచిలో పడేసి, "ఐటీఐలో అప్లికేషన్లు ఎప్పుడిస్తారే?" అంది.

"మనిషిని చూడకుండానే?"

"మంచి చేప మనం ఎల్లేదాకా గట్టు మీద ఎప్పుడన్నా ఉందా? టై కట్టుకున్న పిల్లోడు చూడు, పిలవంగానే వచ్చాడు, పాపం."

ప్రసన్న నవ్వింది. కాసేపటికి నవ్వు ఆగిపోయింది.

"మరి రెండో బుట్ట?"

"పొద్దున వేలంలో ఒక బుట్టే పాడుకుంటా. కూరలో ముక్కలు తగ్గుతాయి, అంతేగా."

"రెండేళ్ళమ్మా!"

"ఉండనీవే. నీ వంతు చేపలు ఆ రెండేళ్ళూ సముద్రంలో ఈదుకుంటాయి."