కాగితం పాదం

అలబామాలో మా ఊరి కోర్టు ఎదుటి దుకాణంలో నల్లవాళ్ళం జోళ్ళు కొనుక్కోవచ్చు, తొడిగి మాత్రం చూడకూడదు. మా కాలు తగిలిన జోడు తెల్లవాళ్ళు కొనరట. అందుకని ఇంట్లోనే కాగితం మీద పాదం మోపి, చుట్టూ పెన్సిల్‌తో గీసి, కత్తిరించి పట్టుకెళ్ళేవాళ్ళం. కాగితానికి పొడవూ వెడల్పూ ఉంటాయి గానీ ఎత్తు ఉండదు. ఇంటికొచ్చాక కరిస్తే భరించడమే, వాపసు తీసుకోరు.

ఇక ఎవరైనా ఎక్కడైనా కూర్చోవచ్చని చట్టం వచ్చిన వేసవిలో, మా పక్కింటి కొరీన్ తన తల్లి ఆర్డీలియాను ఆ దుకాణానికి బయలుదేరదీసింది. అమ్మ ఒక్కసారైనా కుర్చీలో కూర్చుని కాలు కొలిపించుకోవాలని ఆమె పట్టుదల. తోడుగా నన్నూ రమ్మంది. పెద్దావిడ దారి పొడవునా వద్దంటూనే నడిచింది.

"ఏం కావాలి ఆర్డీలియా?" అన్నాడు అమ్మే అతను. ఆమె కొడుకంత వయసుంటుంది అతనికి. ఆమె సంచిలోంచి కాగితం పాదం తీసి అందించబోయింది.

"తేవద్దన్నానా లేదా?" అంది కొరీన్.

"ఏం చెయ్యను తల్లీ. చట్టం సంగతి ఈ చేతికింకా తెలీదు."

కొరీన్ ఆ కాగితం లాక్కుని, తల్లి కాలు కొలవమని అతన్ని అడిగింది. అతను యజమాని వైపు చూశాడు. యజమాని మొహం తిప్పుకున్నాడు. చివరికి అమ్మే అతను ఇనుప కొలబద్ద తెచ్చి, కుర్చీలో కూర్చున్న ఆర్డీలియా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

మేజోడు తీశాక చూశాం. బొటనవేలు వంగి పక్కవేలి మీదికెక్కింది. చిటికెనవేలు కిందికి దూరిపోయింది. పాదం అంచంతా కాయలు. ఒకే ఇంట్లో ఉంటున్నా కొరీన్ ఆ కాళ్ళను అంత వెలుతురులో ఎప్పుడూ చూసి ఉండదు.

అతను పెట్టె తర్వాత పెట్టె తెరిచాడు. ఏదీ పట్టలేదు.

"ఈ కాలికి సరిపోయేవి మా దగ్గర లేవు," అన్నాడు, మర్యాదగానే. "ఎక్కడా దొరకవేమో."

"మీ తప్పేం లేదయ్యా," అంటూ ఆర్డీలియా అతన్నే ఓదార్చింది. మేజోడు చేత్తో పట్టుకుని లేచి, కూతురి భుజం మీద చెయ్యి వేసింది.

"నువ్వు కూర్చో. నీ వేళ్ళింకా తిన్నగానే ఉన్నాయి."

తనకిప్పుడు జోళ్ళు అక్కర్లేదంది కొరీన్. తల్లి చెయ్యి తియ్యలేదు. కొరీన్ కూర్చుని, కొలబద్ద పాదానికి తగలగానే కళ్ళు మూసుకుంది. ఆర్డీలియా ఆ చల్లటి నేల మీద ఒంటికాలి జోడుతో నిలబడి, వంగి చూస్తూ అతనికి చెబుతూనే ఉంది: "వేళ్ళ దగ్గర కాస్త వదులు చూడండయ్యా. మరికాస్త వదులు."