ఇంటికెళ్తే ఆగే వాచీ

గడియారాల మేస్త్రి గదిలో ఫ్యాను తిరగదు, కిటికీ తెరుచుకోదు. ఆవగింజలో సగం ఉండే మరలు బల్ల మీద పరుచుకున్నవాడికి గాలి పగవాడి కింద లెక్క. కంటికి భూతద్దం, పెదవికి సిగరెట్టు. ఈ రెండూ లేకపోతే ఆయనకు చెయ్యి ఆడదు.

బల్ల వెనక ఒక తెర. తెర వెనక మంచం మీద పదేళ్ల కూతురు, ఒళ్లో పుస్తకం పెట్టుకుని దగ్గుతోంది. పిల్లకు పొగ తగలనివ్వద్దని డాక్టరు చెబితే, కట్టెల పొయ్యిని పెరట్లోకి మార్చారు. అయినా తగ్గలేదు. అయితే బడిలో సుద్దపొడే కారణమని మొగుడూపెళ్లాలు తేల్చుకుని పిల్లను బడి మాన్పించారు. ఇంటిపట్టున ఉన్నకొద్దీ దగ్గు ముదిరింది.

"రేపు పరీక్షకు రాకపోతే మళ్లీ ఇదే క్లాసంట. టీచరమ్మ కబురంపింది" అంది భార్య.

"ఆ సుద్దపొడిలోకి పంపి చంపుకుందామా?"

"నేను వెళ్తా నాన్నా. చిన్నపిల్లల పక్కన కూర్చోను" అంది తెర వెనక నుంచి కూతురు. మాటకూ మాటకూ మధ్య పిల్లికూతలు.

మేస్త్రికి చిరాకు పుట్టింది. చిరాకు పుడితే ఇంకో సిగరెట్టు.

అంతలో బస్సు కండక్టరు వచ్చి తన వాచీ బల్ల మీద టప్పున పెట్టాడు. "ఏం బాగుచేశావయ్యా మేస్త్రీ! నీ దగ్గర గుర్రంలా పరిగెత్తింది. ఇంటికెళ్లగానే చతికిలబడింది. మా ఆవిణ్ని చూసి జడుసుకుందంటావా?"

"రాత్రిళ్లు ఎక్కడ పెడతావ్?"

"రేడియో మీద."

"దాని స్పీకర్లో అయస్కాంతం ఉంటుంది బాబూ. వాచీకేం రోగం లేదు. బయట నడిచింది ఇంట్లో ఆగిందంటే, వెతకాల్సింది ఇంట్లోనే..."

మేస్త్రి చూపు తన చేతిలోని సిగరెట్టు మీద పడింది. వేళ్ల మధ్య నుంచి లేచిన పొగ, పోయే దారి లేక, తెర మీదుగా మంచం వైపు వాలుతోంది. బడికెళ్లిన రోజుల్లో పిల్ల ఇంటికొచ్చాకే కదా ఆయాసపడేది? సెలవుల్లో అమ్మమ్మ దగ్గరున్నప్పుడు ఒక్కసారైనా దగ్గిందా?

"ఏమండీ!" భార్య కేక పెట్టింది.

తెర లాగి చూశాడు. పిల్ల మంచంపట్టెను రెండు చేతులా పట్టుకుని, నోరు తెరిచి, అందని గాలి కోసం ఎగబీలుస్తోంది. మేస్త్రి సిగరెట్టు నలిపేసి కిటికీ మీద పడ్డాడు. ఏళ్ల తరబడి మూసిన కిటికీ బిగుసుకుపోయింది. భుజంతో గుద్దితే భళ్లున తెరుచుకుంది. గాలి ఒక్క ఊపున వచ్చి బల్లంతా ఊడ్చేసింది.

"మరలు మేస్త్రీ, మరలు!"

"తగలడనీ."

పిల్లను ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తాడు. అరుగు మీద కూర్చోబెడితే, తల్లి వచ్చి, డాక్టరిచ్చిన పీల్చే మందు పిల్ల నోటికందించింది. పిల్ల తండ్రి గుండెల మీద తల ఆనించబోయి, ముక్కు చిట్లించి మళ్లీ దగ్గింది. మేస్త్రి తన చొక్కా వాసన చూసుకున్నాడు. పిల్లను తల్లి చేతికిచ్చి దూరం జరిగాడు.

పిల్లికూతలు మెల్లమెల్లగా సన్నగిల్లాయి.

"రేపు... వెళ్లనా నాన్నా?"

"వెళ్దువుగాని. దారిలో డాక్టరుకు చూపించి నేనే దింపుతా."

కండక్టరు జేబులోంచి సిగరెట్టు పెట్టె తీశాడు. "ఇది లేకపోతే నీకు చెయ్యి ఆడదుగా. ఒకటి ముట్టించు."

మేస్త్రి ఆ పెట్టె వంక చాలాసేపు చూశాడు. తల అడ్డంగా ఊపి లోపలికెళ్లాడు. నేల మీద మోకాళ్లూని మరలు ఏరసాగాడు. చెయ్యి ఆడడం లేదు. దొరికిన మర వేళ్లలోంచి జారిపోతోంది. గాలి మళ్లీ విసిరింది.

కిటికీ మూయలేదు.