దొర నాలుగో కాలు

వేలంశాలకు వెళ్తూ కారులో నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను, "పిన్నీ, అడిగినదానికే జవాబు చెప్పు" అని. మా పిన్ని వింటేగా.

అమ్మకానికి పెడుతున్నది సిరాతో గీసిన కుక్క బొమ్మ. గీసినాయన ఇప్పుడు మహా చిత్రకారుడు. అప్పట్లో పిన్ని మేడమీద గదిలో అద్దెకుండేవాడు. కుక్క పిన్నిదే, పేరు దొర. తన తర్వాత దొరను ఎవరు చూసుకుంటారని ఆవిడ దిగులు. నేనైతే చుట్టచుట్టి అటకమీద పడేస్తానట. అందుకే మంచి ఇల్లు చూసి పంపాలని ఈ వేలం.

అక్కడి నిపుణుడు భూతద్దం పట్టుకుని బొమ్మంతా చూసి, వెనక ఎడమకాలి దగ్గర ఆగిపోయాడు.

"మిగతా మూడు కాళ్లూ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. ఈ గీత ఇంకెవరి చేతికీ రాదు."

"అది నేను గీశాను బాబూ," అంది పిన్ని.

నేను పిన్ని కొంగు పట్టి లాగాను. నిపుణుడు మాత్రం నవ్వి, కాగితం, కలం ఇచ్చి మళ్లీ గీయమన్నాడు. పిన్ని కళ్లజోడు సర్దుకుని అచ్చం అలాగే గీసింది.

"పాపం, ఇందులో ప్రాణం లేదండీ," అన్నాడాయన.

పిన్నికి ఒళ్లు మండింది. నాకూ మండింది. గీసినావిడకే గీయడం రాదంటే ఎవరికి మండదు? ఆవిడ సంచీలోంచి పాత ఫోటో తీసి బల్లమీద పెట్టింది. అందులో దొరకు మూడే కాళ్లు.

"పుట్టుకతోనే అంతే. ఆయన ఉన్నది ఉన్నట్టు గీశాడు. అది బతికినన్నాళ్లూ వీధిలో పిల్లలు కుంటిది, కుంటిది అని వెంటపడేవాళ్లు. కాగితం మీదైనా సుఖంగా నిలబడుతుందని, ఆయన సిరాతోనే నేను కాలు పెట్టాను."

నిపుణుడి మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఫోటోను చూశాడు, బొమ్మను చూశాడు.

"ఫరవాలేదమ్మా. బొమ్మలు బాగుచేసేవాడు మా దగ్గరున్నాడు. ఆ కాలు మచ్చైనా లేకుండా తీసేస్తాడు."

"తీసేస్తాడా?"

"పరాయి చెయ్యి కదండీ."

నాకు తిక్క రేగింది. "ఇంటికి పోదాం పద పిన్నీ" అన్నాను.

"ఇంటికొస్తే అటకేగా," అంది. బొమ్మవైపు చాలాసేపు చూసి, ఫోటో సంచీలో పడేసుకుంది. "అబద్ధం చెప్పాను బాబూ. ముసలిదాన్ని, పేరుకోసం కక్కుర్తిపడ్డాను. ఫోటోలో అది కాలు మడుచుకుంది, అంతే."

"నేనప్పుడే అనుకున్నాను," అన్నాడు నిపుణుడు. ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

వేలం రోజున హాలు కిటకిటలాడింది. ఆ కాలొక్కదాన్నీ తెరమీద గోడంత చేసి చూపించారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పిన్ని కళ్లొత్తుకుంటోంది. తన గీత తనదని చెప్పుకోలేక ఏడుస్తోందనుకుని చెయ్యి పట్టుకున్నాను.

"ఇంతమంది చూశారు కదా," అంది ముక్కు తుడుచుకుంటూ. "ఒక్కరూ కుంటిది అనలేదురా."