పసుపు మొహం మీద బ్లీచ్

మా పార్లరు నర్సీపట్నం బస్టాండు దాటాక రెండో సందులో ఉంది. ‘మా’ అనడానికి నాకింకా హక్కు లేదు. బ్యూటీషియన్ కోర్సు పాసై, సర్టిఫికెట్ పట్టుకుని వచ్చి చేరి పన్నెండు రోజులే అయింది. పదిహేను రోజులు పని చూసి, ఉంచుకునేదీ లేనిదీ చెబుతానని యజమానురాలు రాజేశ్వరి మేడం మొదటిరోజే అన్నారు.

“చెయ్యి బాగానే ఉంది కెజియా. నోరే లేదు. కుర్చీలో కూకున్న మనిషితో మాటాడకపోతే ఎలాగే?” అని రోజూ అనేవారు.

నిజమే. కనుబొమలకు థ్రెడింగ్ చేసేటప్పుడు దారం కొస పళ్ల మధ్య ఉంటుంది కాబట్టి మాట్లాడనక్కరలేదు. అందుకే నాకు ఆ పని ఇష్టం. నాతవరం నుంచి షేర్ ఆటోలో వస్తూ “నొప్పిగా ఉందా అండీ? నీళ్లు కావాలా అండీ?” అని దారి పొడవునా లోపల్లోపల అనుకునేదాన్ని. తీరా కస్టమరు ఎదురుగా కూర్చుంటే ఒక్క ముక్కా వచ్చేది కాదు. ఇక్కడ కుదరకపోతే ఇంకెక్కడికీ పనికి పంపనని అమ్మ ముందే చెప్పేసింది. నేను మాత్రం ఈ పనే చేస్తానని నిర్ణయించుకున్నాను.

శుక్రవారం రోజారమణి అనే పెళ్లికూతురు వచ్చింది. పెళ్లి ఆదివారం రాత్రి. వెంట ఆమె మేనత్త అచ్చియమ్మ గారు వచ్చారు. మేడం ఇంకొకరి జుట్టుకు రంగు వేస్తున్నారు.

“కెజియా, నువ్వు ఫేస్ బ్లీచ్ మొదలెట్టు” అన్నారు.

పెళ్లికూతురి మొహం నా చేతికి ఇవ్వడం అదే మొదటిసారి.

“బేగి సెయ్యమ్మా, ఇంటికాడ సుట్టాలొచ్చీసినారు” అంటూ అచ్చియమ్మ గారు ఫ్యాను కింద చేరారు.

కోర్సులో నేర్పినట్టే, పడుతుందో లేదో చూడ్డానికి ముందు రోజారమణి మోచేతి మడతలో కొంచెం రాసి పది నిమిషాలు ఆగాను. ఏమీ కాలేదు. తడి దూదితో మొహం పైపైన తుడిచి బ్లీచ్ పట్టించాను. రెండు నిమిషాలు కూడా గడవలేదు. నుదుటి అంచున, చెవుల ముందు, గడ్డం కింద తెల్లటి క్రీము ఎర్రబడసాగింది.

“ఓలమ్మో! పిల్ల మొహం కాల్సీసిందర్రా!” అచ్చియమ్మ గారు లేచి వచ్చేశారు. “ఎల్లుండి పీటల మీద ఏ మొహం పెట్టుకుని కూకుంటాదే? ఈ పసిదానికా అప్పగిస్తారు పని?”

మేడం పరుగెత్తుకొచ్చారు. ఆవిడ మొహంలో రంగు లేదు. “ఏటి కలిపావే? ఏటి సేసీసావు?”

చల్లటి నీళ్లతో క్రీమంతా తుడిచేశాను. “మంటగా ఉందా అక్కా?” అని అడిగాను.

“లేదు. కొంచెం సురసురమంటోంది, అంతే” అంది రోజారమణి.

దూది వంక చూశాను. ఎరుపు దూదికే వచ్చేసింది. మా హైస్కూల్లో సైన్సు మాస్టారు పసుపు కాగితం మీద సబ్బునీళ్లు వేస్తే ఇదే రంగు వచ్చింది.

“పసుపు రాశారా అక్కా?”

“పొద్దున్న నలుగు పెట్టారు. చేతులు మాత్రం మోచేతుల పైదాకా సబ్బుతో కడుక్కున్నాను. మొహానికి సబ్బు తగలనీయొద్దని అత్త ఒట్టి నీళ్లే పోయించింది.”

మా ఇంట్లో మొహానికి పసుపు రాసుకునే అలవాటు లేదు. అడగాలని నాకు తట్టనే లేదు.

“కాలలేదండీ. పసుపుకి ఈ మందు తగిలితే ఎర్రబడుద్ది” అన్నాను.

“సాల్లే, కబుర్లు!” అన్నారు అచ్చియమ్మ గారు.

ఆవిడ బుగ్గలు పచ్చగా మెరుస్తున్నాయి. నేను తడి దూది తీసుకుని, “ఒక్కసారి అండీ” అని ఆవిడ బుగ్గ మీద గట్టిగా ఒక రుద్దు రుద్దాను. పచ్చబడిన ఆ దూది మీద చిటికెడు బ్లీచ్ వేశాను. అందరూ చూస్తుండగానే ఎర్రబడింది.

“సూడండి. మీ మొహం కాలిందేటండీ?”

రోజారమణి పకపకా నవ్వింది. “అత్తా, ఇదంతా నీ సేతి పనే!”

“తప్పు నాదే” అన్నాను. “ముందు అడగాలి, బాగా శుభ్రం చెయ్యాలి. రెండూ చెయ్యలేదు.”

“సరే, కడిగి మళ్లీ వెయ్యి” అన్నారు మేడం, ఊపిరి పీల్చుకుని.

“వద్దు మేడం. నలుగు పెట్టి రుద్దిన చర్మం. ఇవాళ ఇంక బ్లీచ్ వెయ్యకూడదు. శుభ్రం చేసి ఊరుకుంటాను.”

మేడం నన్ను కింద నుంచి పైకి చూశారు. పన్నెండు రోజుల్లో నేను ఆవిడకు ఎదురు చెప్పడం అదే మొదలు. చేతిలోని బ్లీచ్ డబ్బాకి మూత పెట్టేశాను.

“ఆదివారం మేకప్ ఈ పిల్లే వచ్చి సెయ్యాలి” అంది రోజారమణి.

“ఈ పిల్లా? నా బుగ్గ తోలూడదీసీసింది” అన్నారు అచ్చియమ్మ గారు, అద్దంలో బుగ్గ చూసుకుంటూ. వద్దని మాత్రం అనలేదు.

వాళ్లు వెళ్లాక మేడం రంగు బ్రష్షు కడుగుతూ అడిగారు.

“ఆదివారం నీకు చర్చి కదే?”

“ఆరాధన పొద్దున్నే మేడం. అవగానే వచ్చేస్తాను.”

“బేగి రా. ఆలస్యమైతే ఆ అచ్చియమ్మకి నేను జవాబు సెప్పలేను.” చేతులు తుడుచుకుని, గోడకున్న మేకు నుంచి రెండో తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు. “సోమవారం నుంచి షట్టరు నువ్వే తియ్యి. తొమ్మిదికల్లా.”

“తీస్తాను మేడం” అన్నాను.